కారు గిర్రున తిరిగిపోతోంది మాస్టారూ!

పోయిన నెల రేసింగ్ గేముల గురించి రాస్తూ, డ్రిఫ్టింగ్ (కారు వెనక భాగాన్ని కావాలనే జారనిస్తూ మలుపు తిరగడం) సంగతి ఇంకోసారి చూద్దాం అని తప్పించుకున్నాను. మీరు వదల్లేదు. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. సరే, ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చేద్దాం. పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, మధ్యలో క్లాసు మొదలైనట్టు అనిపిస్తే కాస్త ఓర్చుకోండి.

*

మాస్టారూ, ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. ఫోర్జా హొరైజన్ 5 కంట్రోలర్‌తో ఆడతాను. మలుపులో హ్యాండ్ బ్రేక్ లాగితే చాలు, కారు గిర్రున తిరిగి వచ్చిన దారి వైపు చూస్తోంది. వెయ్యి హార్స్‌పవర్ కారు కొన్నాను, డ్రిఫ్ట్ టైర్లు వేశాను, యూట్యూబ్‌లో చెప్పిన ట్యూనింగ్ మొత్తం పెట్టాను. అయినా అంతే. ఎక్కడ తేడా కొడుతోంది?
– ఒక విద్యార్థి, తెనాలి

ముందు ఆ వెయ్యి హార్స్‌పవర్ కారును గ్యారేజీలో పెట్టెయ్ నాయనా. దాని అవసరం ఇప్పుడప్పుడే రాదు. మజ్దా ఎమ్‌ఎక్స్-5 గానీ నిస్సాన్ సిల్వియా గానీ తీసుకో. రెండూ వెనక చక్రాలతో నడిచేవే, తేలికైనవే. డ్రిఫ్టింగ్ పేరు చెప్పగానే అందరూ తలుచుకునే టొయోటా ఏఈ86 ఉందే, దాని ఇంజిన్ 1.6 లీటర్లు, పవర్ 130 హార్స్‌పవర్ దరిదాపుల్లో. అంతే. దాంతోనే జపాన్ కొండల మీద కార్లను అడ్డంగా తోలారు. పవర్ తక్కువుంటే కారు నెమ్మదిగా జారుతుంది, జారేటప్పుడు ఏం జరుగుతోందో నీ బుర్రకి అందుతుంది. వెయ్యి హార్స్‌పవర్ బండిలో నీకు తెలిసేలోపే అంతా అయిపోతుంది.

సెట్టింగ్స్‌లో ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ రెండూ ఆపు. కారు జారకుండా చూడటమే వాటి ఉద్యోగం, వాటిని పెట్టుకుని డ్రిఫ్ట్ చేయాలనుకుంటే నీకూ కారుకూ తగాదా తప్పదు. గేర్లు మాన్యువల్‌లో పెట్టు. ఆటోమేటిక్‌లో ఉంటే సరిగ్గా జారుతున్న క్షణంలో గేరు మారిపోతుంది, వెనక చక్రాల వేగం పడిపోతుంది. చిన్న మలుపులకు సెకండ్, పెద్ద వాటికి థర్డ్. మలుపు మధ్యలో గేరు జోలికి పోకు. నాలుగు చక్రాల డ్రైవ్ పెడితే సులువు అని నీ స్నేహితులు అంటారు. నిజమే, సులువే. కానీ ముందు చక్రాలు కూడా లాగుతుంటే కారు తనంతట తనే సర్దుకుంటుంది, నీ వేలికి పని ఉండదు. నేర్చుకునేటప్పుడు అది వద్దు.

ఇక అసలు విషయానికి వద్దాం. హ్యాండ్ బ్రేక్ లాగడం నీకు వచ్చేసింది. లాగిన తర్వాత కుడి వేలు ఏం చేస్తోందో చూసుకున్నావా? చాలామంది ట్రిగ్గర్‌ను, అంటే కంట్రోలర్‌లో యాక్సిలరేటర్‌గా పనిచేసే మీటను, చివరిదాకా నొక్కేస్తారు, లేదంటే కంగారులో పూర్తిగా వదిలేస్తారు. కారు తిరిగిపోవడం ఆ రెండింట్లోనే ఉంది. టైరుకున్న పట్టు మొత్తం ఇంతే అని ఒక లెక్క ఉంటుంది. ఆ పట్టులోంచే కారును ముందుకు తోయాలి, ఆ పట్టుతోనే పక్కకు జారకుండా ఆపాలి. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే ఉన్న పట్టంతా చక్రం తిరగడానికే పోతుంది, పక్కకు ఆపేందుకు ఏమీ మిగలదు. అప్పుడు వెనక భాగం ముందు భాగాన్ని దాటుకుని వచ్చేస్తుంది. నీ కారు బొంగరం అయ్యేది అప్పుడే.

పూర్తిగా వదిలేస్తే ఇంకో ప్రమాదం. నువ్వు అప్పటికే స్టీరింగ్ ఎదురు దిశకు తిప్పి ఉంటావు. యాక్సిలరేటర్ వదలగానే వెనక టైర్లకు ఒక్కసారిగా పట్టు తిరిగి వస్తుంది. ముందు చక్రాలేమో ఇంకా ఎదురు దిశనే చూస్తుంటాయి. కారు అటు వైపుకు విసురుగా కొట్టుకుపోతుంది. కుడి మలుపులో డ్రిఫ్ట్ మొదలుపెట్టి ఎడమ పక్క గోడకు కొట్టుకోవడం చాలామందికి అనుభవమే.

కాబట్టి ట్రిగ్గర్ సగం నుంచి ముప్పాతిక మధ్యలో ఆడుతూ ఉండాలి. తోక, అంటే కారు వెనక భాగం, ఎక్కువ బయటికి పోతోందనిపిస్తే కాస్త తగ్గించు, లోపలికి వచ్చేస్తోందనిపిస్తే కాస్త పెంచు. ఆ "కాస్త" అలవాటు కావడమే డ్రిఫ్టింగ్.

ఎక్కడ నేర్చుకోవాలంటే, ఆ గేములో అడవి మధ్యలో ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది. గోడలుండవు, ట్రాఫిక్ ఉండదు. అక్కడ మొదట ఒకే చోట గుండ్రంగా తిరుగు. స్టీరింగ్ సగం తిప్పి పట్టుకుని, ట్రిగ్గర్‌తో మాత్రమే ఆ గుండ్రం పెద్దది చెయ్యి, చిన్నది చెయ్యి. అది వచ్చాక ఎనిమిది అంకె ఆకారంలో తిప్పు. ఎడమ, కుడి రెండూ సమానంగా వచ్చేదాకా అగ్నిపర్వతం మీది రోడ్డుకు వెళ్లకు. రివైండ్ బటన్ వాడటం నామోషీ అనుకోకు. తిరిగిపోయినప్పుడల్లా కొన్ని సెకన్లు వెనక్కి వెళ్లి, అదే మలుపు, అదే వేగం, వేలు మాత్రం వేరేగా నొక్కి చూడు. నిజం కారులో ఏ గురువూ ఇవ్వలేని సౌకర్యం అది.

యూట్యూబ్ ట్యూనింగ్ తీసెయ్. అది వాళ్ల వేళ్లకు సరిపోయింది.

*

మాస్టారు గారికి నమస్కారం. మా అబ్బాయి బీటెక్ మొదటి సంవత్సరం. డ్రిఫ్ట్ సరిగ్గా రావాలంటే స్టీరింగ్ వీల్ ఉండాల్సిందే అని నెల రోజులుగా ఒకటే గొడవ. ధర చూస్తే పాతిక వేలు దాటింది. పైగా హ్యాండ్ బ్రేక్ విడిగా కొనుక్కోవాలట. నిజంగా అవసరమా?
– ఒక తల్లి, హనుమకొండ

అవసరం లేదమ్మా. కొనిపెడితే వాడు సంతోషిస్తాడు, అది వేరే సంగతి. కానీ వీల్ కొంటే డ్రిఫ్ట్ వచ్చేస్తుందన్న మాట మాత్రం నమ్మకండి. మొదట్లో ఉన్నది కూడా పోతుంది.

కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలు ఒక సెంటీమీటరు కదిలితే స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. వేలు ఎంత మొరటుగా కదిలినా గేము దాన్ని లోలోపల సర్దుతుంది. లాజిటెక్ జీ29 లాంటి వీల్ 900 డిగ్రీలు తిరుగుతుంది, అంటే రెండున్నర చుట్లు. కారు అటు నుంచి ఇటు మారేటప్పుడు ఆ తిప్పడమంతా చేతులతోనే. మీవాడు మొదటి వారం గోడలకు గుద్దుతూ, వీల్ బాగోలేదు, ఇంకా ఖరీదైనది కావాలి అంటాడు. ముందే చెబుతున్నాను.

అయితే వీల్‌లో ఒక గొప్ప సంగతి ఉంది, అది మీవాడికి చదివి వినిపించండి. కారు ముందు చక్రాలు ఏ ఇరుసు మీద అటూ ఇటూ తిరుగుతాయో ఆ ఇరుసు నిటారుగా ఉండదు, పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. దాన్ని క్యాస్టర్ అంటారు. దానివల్ల బండి నిజంగా ఏ దిశలో పోతోందో ఆ దిశకు ముందు చక్రాలు వాటంతట అవే తిరగాలని చూస్తాయి. తోక జారిన మరుక్షణం స్టీరింగ్ చేతుల్లోంచి జారుకుంటూ ఎదురు దిశకు పరుగెడుతుంది. డ్రిఫ్ట్ చేసేవాళ్ల వీడియోలు చూడమనండి, స్టీరింగ్ దానంతటదే గిరగిరా తిరుగుతుంటే అరచేతులు తెరిచి వదిలేస్తారు, సరైన చోట పట్టుకుంటారు. వీల్‌లోని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ మోటారు ఆ లాగుడునే చేతులకు చూపిస్తుంది. కంట్రోలర్‌లో అది తెలియదు. వీల్ కొన్నవాళ్లలో ఎక్కువమంది ఆ మోటారుతో పోట్లాడుతూ, గట్టిగా పట్టుకుని తామే తిప్పాలని చూస్తారు. పాతిక వేలు పోసి కొన్న సుఖం అక్కడే పోతుంది.

ఇంకో రెండు ఇంటి విషయాలు. జీ29 లోపల గేర్లు ఉంటాయి, డ్రిఫ్ట్‌లో వేగంగా తిరిగినప్పుడు కటకటమని చప్పుడు వస్తుంది. రాత్రి పదకొండింటికి పక్క గదిలో పడుకునేవాళ్లకు వినిపిస్తుంది. చదువుకునే టేబులుకు బిగిస్తే ఆ టేబుల్ చదువుకు పనికిరాదు, రోజూ విప్పి బిగించే ఓపిక ఎవరికీ ఉండదు. విడిగా బల్లో స్టాండో కావాలి, అంటే ఇంకో ఖర్చు.

నేనైతే ఒక షరతు పెడతాను. ఇప్పుడున్న కంట్రోలర్‌తోనే ఏదైనా ఒక డ్రిఫ్ట్ జోన్‌లో (గేములో డ్రిఫ్ట్‌కు మార్కులు వేసే రోడ్డు ముక్క) మూడు స్టార్లు తెచ్చి, ఎలా తెచ్చాడో మీకు అర్థమయ్యేట్టు చెప్పమనండి. చెప్పగలిగితే ఆలోచించండి. వీల్ మాత్రమే కొనండి, హ్యాండ్ బ్రేక్ తర్వాత సంగతి. బటన్ నొక్కినా అదే పని జరుగుతుంది.

*

సార్, ఫోన్‌లో ఆస్ఫాల్ట్ ఆడినప్పుడు ఎంత పెద్ద డ్రిఫ్టయినా ఇట్టే వచ్చేస్తుంది. కార్‌ఎక్స్ డ్రిఫ్ట్ రేసింగ్ 2లో మాత్రం చుక్కలు కనిపిస్తున్నాయి. నాలో లోపమా, గేములోనా?
– నల్గొండ పాఠకుడు

ఎవరిలోనూ లోపం లేదు. రెండూ వేరు వేరు ఆటలు. ఆస్ఫాల్ట్‌లో డ్రిఫ్ట్ అంటే నైట్రో, అంటే కారుకు కాసేపు అదనపు వేగమిచ్చే సరుకు, నింపుకునే ఉపాయం. బ్రేక్ తడితే కారు పక్కకు వాలుతుంది, అది తిరిగిపోకుండా గేమే కాపాడుతుంది. 1993లో వచ్చిన రిడ్జ్ రేసర్ కాలం నుంచీ ఆర్కేడ్ గేములది ఇదే దారి. మారియో కార్ట్‌లో డ్రిఫ్ట్ చేస్తే చక్రాల కింద నిప్పురవ్వలు రంగులు మారుతూ, వదలగానే ఒక తోపు దొరుకుతుంది. అంటే ఈ ఆటల్లో జారినవాడు ముందుకు పోతాడు. నిజం రోడ్డు మీద, తారు రోడ్డు మీద సుమా, జారినవాడు సాధారణంగా వెనకబడతాడు. కార్‌ఎక్స్ ఆ రెండో లెక్కకు దగ్గరగా ఉంటుంది.

ఫోన్ అద్దం మీద గ్యాస్ (యాక్సిలరేటర్) బటన్ అయితే ఉంటే ఉంది, లేకపోతే లేదు. అందుకని గ్యాస్‌ను స్లైడర్‌లా పెట్టుకునే వీలుందేమో సెట్టింగ్స్‌లో చూడండి. లేదంటే ఒక మామూలు బ్లూటూత్ కంట్రోలర్ తగిలించండి. తేడా మొదటి రోజే తెలుస్తుంది.

*

నమస్కారం సార్. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ మీద వానలో, పొగమంచులో బండి నడిపినవాణ్ణి. మనవడి గేములో మూడో మలుపు దాటడం లేదు, గోడకు కొట్టేస్తున్నాను. వాడు పడీ పడీ నవ్వుతున్నాడు. ఇన్నేళ్ల సర్వీసు ఏమైనట్టు? అసలు బండిని కావాలని జారనివ్వాలన్న బుద్ధి ఎవరికి పుట్టింది?
– విశ్రాంత డ్రైవరు, మార్కాపురం

సార్, మీ ఉత్తరం కోసమే ఈ నెల శీర్షిక రాసినట్టుంది. మనవడికి చెప్పండి, ఆ ఘాట్‌లో నిండు బస్సును ఎదురుగా లారీ వస్తుండగా తిప్పి చూపించాక నవ్వమని.

మీ సర్వీసు ఎక్కడికీ పోలేదు. దాన్ని మోసుకొచ్చే దారి గేములో లేదు. మీరు బస్సును కళ్లతో కన్నా నడుముతో నడిపారు. వెనక చక్రం తడి రోడ్డు మీద ఒక్క అంగుళం జారినా సీటు దగ్గర తెలిసిపోయేది, కన్ను చూసేలోపే కాలు స్పందించేది. టీవీ ముందు కుర్చీ కదలదు. మీకు కబురు అందేది కంటికే, అదీ ఆలస్యంగా. ఇక రెండోది, బండి జారితే కాలు తీసి నిదానంగా సరిచేయడం మీ ఒంట్లో ఇంకిపోయింది. యాభై మంది ప్రాణాలు వెనక ఉన్నప్పుడు అదే సరైన పని. ఇక్కడ మాత్రం జారిన తర్వాత కూడా కాలు యాక్సిలరేటర్ మీద ఉంచాలి. మనసు ఒప్పుకోదు. ఒప్పించాలి.

నడుముకు బదులు చెవిని వాడండి. టైరు అరుపు వినండి. పట్టు వదిలే ముందు సన్నగా కీచుమంటుంది, పూర్తిగా జారుతున్నప్పుడు ఆ అరుపు ఒకే తీరున సాగుతుంది, పట్టు తిరిగి దొరుకుతుంటే తెగుతూ తెగుతూ వస్తుంది. ఇంజిన్ మోత ఒక్కసారి పైకి లేచిందంటే వెనక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయని. మనవణ్ణి పాటలు ఆపమనండి. డ్రైవర్ సీట్లోంచి చూసే కెమెరా మీకు అలవాటే అయినా, మొదట కారు వెనక నుంచి చూసే కెమెరా పెట్టుకోండి, తోక ఎంత బయటికి పోయిందో కనిపిస్తుంది. చూపు మాత్రం బానెట్ మీద పెట్టకుండా మలుపు బయటపడే చోటు మీద పెట్టండి. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు, ఘాట్‌లో మీరు చేసిందే.

ఈ బుద్ధి ఎవరికి పుట్టిందంటే, జపాన్ వాళ్లకు. అదీ ఘాట్ రోడ్ల మీదే. వాళ్లు తోగే అంటారు, కొండను దాటే మెలికల రోడ్డు. 1970ల్లో కునిమిత్సు తకహాషి అనే రేసర్ మలుపుల్లో కారు వెనక భాగాన్ని జారనిస్తూ వేగంగా బయటపడేవాడు. ఆయన్ని చూసి మోజుపడ్డవాడు కెయిచి త్సుచియా. 1956లో నగానో ప్రాంతంలో పుట్టాడు, కొండ రోడ్ల మీదే చేయి తిప్పుకున్నాడు, తర్వాత డ్రిఫ్ట్ కింగ్ అని పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఇది రోడ్ల మీద నుంచి మైదానాలకు వచ్చింది. 2001లో డీ1 గ్రాండ్ ప్రీ పోటీలు జపాన్‌లో మొదలయ్యాయి, 2004లో అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ తొలి సీజన్ జరిగింది. అక్కడ ఎవరు ముందొచ్చారన్నది లెక్కలోకి రాదు. కారు ఏ గీత మీద పోయింది, ఎంత కోణంలో అడ్డం తిరిగి పోయింది, ఎంత తెగువగా పోయింది అని జడ్జీలు మార్కులు వేస్తారు. రెండు కార్లు జతగా, ఒకదాని తలుపుకు ఇంకొకటి దాదాపు ఆనుకుని జారే రౌండ్లు చూడండి సార్. మీరు తప్పులు పట్టడం ఖాయం.

*

అంకుల్, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అసెట్టో కోర్సాలో వీల్, క్లచ్, హ్యాండ్ బ్రేక్ అన్నీ పెట్టుకుని ఆడుతున్నాను. ఒక్క మలుపు బాగా వస్తుంది. ఎస్ ఆకారపు మలుపుల్లో ఎడమ నుంచి కుడికి మారేటప్పుడు కారు తిన్నగా అయిపోయి సాగిపోతుంది, లేదా విసురుగా తిరిగిపోతుంది.
– డాలస్ పాఠకుడు

ఉత్తరాలన్నిటిలో ముదురు ప్రశ్న ఇది. మీరు స్టీరింగ్‌తో కారును అటు తిప్పాలని చూస్తున్నారు. తిప్పాల్సింది కాలు. ఎడమ డ్రిఫ్ట్‌లో ఉన్నారనుకోండి. గ్యాస్ తగ్గించగానే బరువు ముందు చక్రాల మీద పడుతుంది, వెనక తేలికవుతుంది, చక్రాలు ఊరికే తిరగడం ఆగి పట్టు దొరికిన తోక, కారు తిన్నగా ఉండే మధ్య గీత వైపు ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడు స్టీరింగ్‌ను వదలండి. పైన హనుమకొండ తల్లి గారికి రాసిన క్యాస్టర్ సంగతి ఇక్కడే పనికొస్తుంది. అది పరుగెడుతూ అవతలి వైపు పోతుంది. తోక మధ్య గీత దాటిన వెంటనే గ్యాస్ మళ్లీ ఇవ్వాలి, అవతలి వైపు పూర్తిగా జారాక ఇస్తే ఆలస్యమే. తిన్నగా సాగిపోతోందంటే గ్యాస్ ఆలస్యంగా ఇస్తున్నారు, విసురుగా తిరిగిపోతోందంటే స్టీరింగ్‌ను ఆలస్యంగా వదులుతున్నారు. రీప్లేలో ఏ పెడల్ ఎప్పుడు ఎంత తొక్కారో చూపే గీతలు చూసుకోండి, ఏదో ఒకటి కనిపిస్తుంది.

వేగం చాలనప్పుడు క్లచ్ కిక్ వాడండి. గ్యాస్ మీద కాలు ఉంచే క్లచ్ ఒక్క క్షణం తొక్కి వదిలితే, పైకి లేచిన ఇంజిన్ వేగం ఒక్క దెబ్బలో వెనక చక్రాలకు అందుతుంది. హ్యాండ్ బ్రేక్ వేగాన్ని తినేస్తుంది, క్లచ్ కిక్ అంతగా తినదు. డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండింటికీ పవర్ పంచే గేర్ల అమరిక) పూర్తిగా లాక్ అయ్యేలా పెట్టుకున్నారో లేదో చూడండి. వెనక చక్రాలు రెండూ కలిసి తిరగకపోతే లోపలి చక్రం ఊరికే పొగ కక్కుతుంది. ఆ గేములో టైర్లు వేడెక్కితే పట్టు మారిపోతుంది, రెండు మూడు రౌండ్ల తర్వాత కారు మారినట్టుంటే కంగారు పడొద్దు.

ఎబిసు ట్రాక్ మోడ్, అంటే ఆడేవాళ్లే తయారుచేసి గేముకు కలిపే ట్రాక్, దించుకోండి. ఫుకుషిమాలో కొండ మీద ఉన్న సర్క్యూట్ అది, డ్రిఫ్ట్ చేసేవాళ్లకు తీర్థయాత్ర లాంటి చోటు. 2021 ఫిబ్రవరి భూకంపంలో అక్కడ కొండచరియలు విరిగి ఒక ట్రాక్ మీద పడ్డాయి. చిన్న ట్రాక్‌లు, ఇరుకు మలుపులు. ఎడమ–కుడి మారడం అక్కడ తప్పనిసరిగా వస్తుంది.

*

బ్రో, గేములో ఫుల్ డ్రిఫ్ట్ వచ్చేసింది. నాన్న స్విఫ్ట్ తీసుకుని రాత్రిపూట బైపాస్ మీద ట్రై చేద్దామనుకుంటున్నాం. టిప్స్?
– భీమవరం

టిప్ ఒక్కటే తమ్ముడూ, తాళం నాన్నకు ఇచ్చెయ్. స్విఫ్ట్ ముందు చక్రాలతో నడిచే కారు. గ్యాస్ నొక్కితే ముందు చక్రాలు లాగుతాయి, వెనక జారదు. హ్యాండ్ బ్రేక్ లాగితే తోక ఒకసారి విసిరి కొడుతుంది, దాన్ని గ్యాస్‌తో పట్టి నిలిపే వీలు లేదు. డివైడరో కాలవో తగిలేదాకా పోతుంది. పోనీ వెనక చక్రాలతో నడిచే బొలేరో ఉంది అంటావేమో, అది ఎత్తు బండి, జారే లోపే బోల్తా పడొచ్చు. రోడ్డు మీద ఇలాంటి పోటీలకు మోటారు వాహనాల చట్టంలో 189, ప్రమాదకరమైన డ్రైవింగ్‌కు 184 సెక్షన్లున్నాయి, రెండింటికీ జైలు శిక్ష కూడా ఉంది. బైపాస్ మీద రాత్రిపూట లైట్లు లేకుండా చెరువు చేపల బళ్లు, సైకిళ్లు వస్తుంటాయని నీకు నేను చెప్పాలా?

*

మాస్టారూ, నేను ముట్టుకోకపోయినా నా కారు ఎడమకు లాగేస్తోంది. గేము తీసేసి మళ్లీ ఎక్కించినా అంతే.
– కర్నూలు

గేముది కాదు, కంట్రోలర్‌ది. ఎడమ స్టిక్ కింద ఉండే చిన్న సెన్సర్ అరిగిపోయి, వేలు లేకపోయినా కదిలినట్టు చెబుతోంది. సెట్టింగ్స్‌లో స్టీరింగ్ డెడ్‌జోన్ (స్టిక్ కదిలినా గేము పట్టించుకోని కొద్దిపాటి మేర) కొద్దికొద్దిగా పెంచుతూ, కారు తిన్నగా పోయేచోట ఆపండి. మరీ పెంచితే డ్రిఫ్ట్‌లో చిన్న సవరణలు అందవు. స్టిక్ చుట్టూ దుమ్ముంటే కరెంటు ఆపాక, ఎలక్ట్రానిక్స్‌కు వాడే క్లీనర్ ఒక చుక్క వేసి తిప్పి ఆరనివ్వండి. అప్పటికీ తగ్గకపోతే మొబైల్ రిపేరు షాపులో స్టిక్ మాడ్యూల్ మార్చేవాళ్లు దొరుకుతారు. కొత్తది కొనేటట్టయితే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లున్నది అడగండి, వాటిలో అయస్కాంతంతో పని, రాపిడి ఉండదు. వారంటీ ఉంటే మాత్రం విప్పకుండా అలాగే తీసుకెళ్లండి.